కొడుకు సైకిల్‌కి టైర్లు మార్చిన పశువుల డాక్టర్

లోన్ మీదో, సెకండ్ హ్యాండ్‌లోనో చిన్న కారు కొన్న కుర్రాళ్లు నలుగురు ఒకచోట చేరారనుకోండి. కాసేపటికి మాట టైర్ల దగ్గరికి వస్తుంది. కంపెనీవాళ్లు ఇచ్చినవి సన్నగా ఉన్నాయి. వానలో బ్రేక్ వేస్తే జారుతున్నాయి. గుంతలో పడితే నడుము దాకా తెలుస్తోంది. తీసేసి మంచివి వేయిస్తే ఎలా ఉంటుంది? సైజు పెంచొచ్చా? మైలేజీ పడిపోతుందా? షాపువాళ్ల మాట నమ్మొచ్చా?

ఇవేమీ కొత్త ప్రశ్నలు కావు. 1887లో ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక పెద్దమనిషి ముందుకి దాదాపు ఇవే వచ్చాయి. ఆయన ఎదురుగా ఉన్నది కారు కాదు, తొమ్మిదీ పదేళ్ల కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిల్. ఆయన ఇంజినీర్ కూడా కాదు, పశువుల డాక్టర్. పేరు జాన్ బాయ్డ్ డన్‌లప్.

ఆ పేరు టైర్ల మీద, టెన్నిస్ బంతుల మీద మీరు చూసే ఉంటారు. ఆ మనిషి జీవితం మాత్రం బ్రాండ్ అంత సాఫీగా సాగలేదు. ఆయనకి వచ్చిన ఐడియా అంతకు నలభై ఏళ్ల ముందే ఇంకొకరికి వచ్చేసింది. చేతికందిన పేటెంట్ రెండేళ్లకే చెల్లదన్నారు. ఆయన పేరుతో నడిచిన కంపెనీ లక్షల పౌండ్లకి అమ్ముడుపోయే వేళకి ఆయన అందులో లేడు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ కథ ఎందుకంటారా? ఇది నా బ్రాంచి కాదు, నాకంటే ముందే ఎవరో చేసేశారు అని మీరు వెనక్కి తగ్గిన సందర్భాలు ఉండే ఉంటాయి. డన్‌లప్ విషయంలో ఆ రెండు మాటలూ అక్షరాలా నిజం. అయినా ఆయన చేసిన పని నిలబడింది. ఎలా నిలబడిందన్నదే చూడాల్సిన సంగతి.

పందొమ్మిదేళ్లకే డాక్టర్

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగార్న్ అనే పల్లెలో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి 19 ఏళ్లకే పట్టా పుచ్చుకున్నాడు. కొన్నేళ్లు స్కాట్లాండ్‌లోనే ప్రాక్టీస్ చేసి, 1867లో సముద్రం దాటి ఐర్లాండ్ వెళ్లాడు. సోదరుడు జేమ్స్‌తో కలిసి డౌన్‌ప్యాట్రిక్ అనే ఊళ్లో పశువుల వైద్యశాల పెట్టాడు. ఆ తర్వాత బెల్‌ఫాస్ట్‌లోని మే స్ట్రీట్‌కి మారాడు. 1880ల మధ్యకి వచ్చేసరికి ఆయనది ఐర్లాండ్‌లోనే పెద్ద ప్రాక్టీసుల్లో ఒకటి.

ఆ కాలంలో పశువుల డాక్టర్ అంటే ఏంటో ఒకసారి ఊహించండి. నగరంలో సరుకు కదలాలన్నా, మనిషి కదలాలన్నా గుర్రమే దిక్కు. గుర్రం కుంటితే బండి ఆగిపోతుంది, వ్యాపారం ఆగిపోతుంది. అంటే ఆయన ఒకరకంగా నగర రవాణాకి మెకానిక్ అన్నమాట. చక్రం, రోడ్డు, బరువు, కుదుపు ఆయన రోజూ చూసే సంగతులే. రబ్బరుతో పని చేసిన అనుభవం కూడా వృత్తిలోనే వచ్చింది. డిగ్రీలో రబ్బరు సబ్జెక్ట్ లేదు కానీ, చేతికి మాత్రం రబ్బరు తెలుసు.

1887 నాటికి ఆయనకి 47 ఏళ్లు. స్థిరపడ్డ జీవితం. కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన అవసరం ఏమీ లేదు. ఇంట్లో కొడుకు జానీ సైకిల్ మాత్రం ఒక సమస్యగా ఉంది.

ఇబ్బంది ఎక్కడుంది?

అప్పటి సైకిళ్లకి గట్టి రబ్బరు టైర్లు ఉండేవి. లోపల ట్యూబు లేదు, గాలి లేదు. రిమ్ము చుట్టూ బిగించిన రబ్బరు పట్టీ, అంతే. బెల్‌ఫాస్ట్ వీధులేమో రాళ్లు పరిచినవి. వాటి మీద పిల్లాడు సైకిల్ తొక్కితే ప్రతి రాయీ వాడి వెన్నుకి తెలిసేది. కుదుపులు ఒక్కటే కాదు, బండి ముందుకి సాగడం కూడా కష్టంగా ఉండేది.

ఇది ఎందుకు జరుగుతుందో మీరు ఫిజిక్స్‌లో చదువుకునే ఉంటారు. గట్టి చక్రం రాయి ఎక్కాలంటే చక్రంతో పాటు బండినీ, మనిషినీ ఆ రాయంత ఎత్తు లేపాలి. మీరు ముందుకి తొక్కిన శక్తిలో కొంత అలా పైకి లేవడానికే ఖర్చయిపోతుంది. అవతలివైపు దిగేటప్పుడు మిగిలింది దెబ్బగా, చప్పుడుగా పోతుంది. అదే చక్రం చుట్టూ గాలి సంచి ఉందనుకోండి, రాయి తగిలిన చోట సంచి మాత్రమే లోపలికి నొక్కుకుంటుంది, వెంటనే మామూలు ఆకారానికి వస్తుంది. బండి పెద్దగా పైకి లేవదు. శక్తి ముందుకి పోవడానికే మిగులుతుంది.

ఈ వివరణ ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు మెత్తటి చక్రం అంటే బరువుగా, ఈడ్చుకుంటూ నడుస్తుందనే ఎవరైనా అనుకుంటారు. మెత్తగానూ ఉంటుంది, తేలిగ్గానూ దొర్లుతుంది అంటే నమ్మాలనిపించదు. నమ్మించాలంటే కొలిచి చూపించాలి.

పెరట్లో పరీక్ష

1887 అక్టోబరులో డన్‌లప్ ఒక గుండ్రటి చెక్క బిళ్ల తీసుకున్నాడు. పలచటి రబ్బరు షీటుని అతికించి ట్యూబులా చేశాడు. దాన్ని చెక్క చుట్టూ పెట్టి, పైన గుడ్డ పట్టీ చుట్టి మేకులు కొట్టాడు. ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. చూడ్డానికి అందంగా ఏమీ లేదు. మన భాషలో చెప్పాలంటే పక్కా ప్రోటోటైప్.

తర్వాత చేసిన పని చూడండి. జానీ సైకిల్ నుంచి అసలు చక్రం ఒకటి ఊడదీశాడు. రెండింటినీ పెరట్లో నేల మీద దొర్లించాడు. కంపెనీ చక్రం పెరడు దాటకుండానే వేగం తగ్గి ఆగిపోయింది. గాలి చక్రం చివరిదాకా పోయి, గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కి ఎగిరింది.

ఈ పరీక్షలో గొప్ప పరికరాలేవీ లేవు. కానీ అందులో మంచి ప్రయోగానికి కావలసినవి ఉన్నాయి. పాతది, కొత్తది పక్కపక్కనే ఉన్నాయి. నేల ఒకటే. తోసింది ఒక చేతే. ఫలితం కంటికి కనపడింది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు ఏబీ టెస్టింగ్ అని పెద్ద పేరు పెట్టి నేర్చుకునేది మూలంలో ఇదే.

పరీక్ష నెగ్గాక సైకిల్ వెనక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు బిగించాడు. బండి మునుపటికంటే బాగా నడిచింది. ఆ తర్వాత పెద్దవాళ్ల సైకిల్‌కి వేశాడు. బెల్‌ఫాస్ట్ దక్షిణాన ఉన్న చెర్రీవేల్ మైదానంలో పరీక్షించాడు. 1888 జులైలో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, డిసెంబరు 7న అది మంజూరైంది. చెక్క బిళ్ల నుంచి పేటెంట్ కాగితం దాకా పద్నాలుగు నెలలు.

బిగించాక మొదలయ్యే తలనొప్పులు

కారుకి పెద్ద టైర్లు వేయించినవాళ్లని అడగండి. అసలు కష్టం కొన్నాక మొదలవుతుందని చెప్తారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల ఎక్కడో గీసుకుంటుంది. డన్‌లప్‌కీ అదే అయింది. గట్టి రబ్బరు పట్టీ సన్నగా ఉండేది, గాలి టైరు లావుగా ఉంది. సన్న టైరు కోసం చేసిన ఫోర్కులో లావు టైరు పట్టదు. అందుకని పాత సైకిళ్లకి అలాగే తగిలించడం కుదరలేదు. బెల్‌ఫాస్ట్‌లోని ఎడ్లిన్ అనే సైకిల్ తయారీదారు గాలి టైరు పట్టేలా కొత్త ఫ్రేములు చేయాల్సి వచ్చింది.

రెండో ఇబ్బంది రూపం. బక్కపలచని చక్రాలకి అలవాటు పడ్డ జనానికి ఆ లావు టైర్లు చూస్తే నవ్వొచ్చింది.

మూడోది అన్నింటికంటే పెద్దది, పంక్చర్. మొదటి డన్‌లప్ టైరుని రిమ్ముకి సొల్యూషన్‌తో అతికించి, గుడ్డతో చుట్టేసేవాళ్లు. మేకు గుచ్చుకుంటే ఆ చుట్టంతా విప్పాలి, ట్యూబు అతకాలి, మళ్లీ చుట్టాలి, ఆరనివ్వాలి. ఇవాళ మీ వీధి చివర పంక్చర్ షాపులో అయిపోయే పనికి అప్పుడు గంటలు పట్టేది. బాగా నడిచే వస్తువు వేరు, బాగుచేసుకోగలిగే వస్తువు వేరు. ఆయన దగ్గర ఉన్నది ఇంకా మొదటిదే.

పందెంలో తేలిన లెక్క

జనాన్ని నమ్మించే అవకాశం విలియం హ్యూమ్ రూపంలో వచ్చింది. ఆయన బెల్‌ఫాస్ట్ క్రూయిజర్స్ సైకిల్ క్లబ్ కెప్టెన్. గాలి టైర్ల సైకిల్ కొన్న మొదటి కస్టమర్ ఆయనే. వాటితోనే పందెంలో దిగమని డన్‌లప్ సలహా ఇచ్చాడు.

1889 మే 18న బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ క్రీడల్లో నాలుగు సైకిల్ పందేలు జరిగాయి. నాలుగూ హ్యూమే గెలిచాడు. కొద్ది రోజులకి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వెళ్లి, అక్కడ కూడా ఒక్కటి మినహా అన్ని సైకిల్ పందేలూ గెలిచాడు. లావు టైర్లని చూసి నవ్వినవాళ్లు ఇప్పుడు అవి ఎక్కడ దొరుకుతాయని అడగడం మొదలుపెట్టారు.

బెల్‌ఫాస్ట్‌లో ఓడిపోయినవాళ్లలో హార్వీ డుక్రాస్ కొడుకులు ఉన్నారు. డుక్రాస్ డబ్లిన్ వ్యాపారి, ఐర్లాండ్ సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు. కొడుకులు ఓడిపోయారని ఆయన కోపం తెచ్చుకుని కూర్చోలేదు. ఓడించిన వస్తువు ఏంటో చూశాడు. డన్‌లప్‌తో పరిచయం పెంచుకున్నాడు. అదే 1889లో ఇద్దరూ కలిసి డబ్లిన్‌లో కంపెనీ పెట్టారు. పేటెంట్ హక్కులు కంపెనీకి వెళ్లాయి.

ఇక్కడ ఇద్దరి పాత్రలూ గమనించండి. ఒకరికి వస్తువు తెలుసు, మరొకరికి మార్కెట్ తెలుసు. టైరు పెరట్లోంచి బజార్లోకి రావడానికి ఇద్దరూ కావాల్సి వచ్చింది.

పేటెంట్ పోయింది

సరిగ్గా వ్యాపారం ఊపందుకునే వేళకి పిడుగు పడింది. పేటెంట్ వచ్చిన రెండేళ్లకి, అది చెల్లదని డన్‌లప్‌కి అధికారికంగా తెలియజేశారు. కారణం, గాలి టైరు మీద అప్పటికే ఇంకో పేటెంట్ ఉంది. అది 1845 నాటిది. తీసుకున్నవాడు రాబర్ట్ విలియం థాంసన్. ఆయనా స్కాట్లాండ్ వాడే, స్టోన్‌హేవెన్ ఊరివాడు.

థాంసన్ గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. 1822లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే బడి మానేశాడు. తనంతట తనే చదువుకుని ఇంజినీర్ అయ్యాడు. గాలి చక్రానికి పేటెంట్ తీసుకున్నప్పుడు ఆయన వయసు 23. అంటే ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది వయసే. లోపల రబ్బరు పూసిన గుడ్డ ట్యూబు, పైన తోలు కవరు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రబ్బండ్లకి వేసి చూపించాడు కూడా. బాగా నడిచాయి.

మరి ఎందుకు నిలవలేదు? అప్పటికి సైకిళ్ల కాలం ఇంకా రాలేదు, మోటారు కార్లు అసలే లేవు. గుర్రబ్బండి యజమానికి ఆ టైర్ల ఖర్చు దండగ అనిపించింది. పలచటి మంచి రబ్బరు దొరకడం కూడా కష్టమే. ఐడియా సరైనదే, దాన్ని కొనే లోకం ఇంకా తయారు కాలేదు. థాంసన్ తర్వాత గట్టి రబ్బరు టైర్ల వైపు మళ్లాడు. 1873లో కన్నుమూశాడు. ఆయన గాలి చక్రాన్ని జనం మర్చిపోయారు. డన్‌లప్‌కి దాని సంగతే తెలియదు.

ఈ భాగం ప్రాజెక్టులు చేసే విద్యార్థులు మరోసారి చదవాలి. ఆనాడు పాత పేటెంట్లు వెతకాలంటే ఆఫీసులకి పోయి కాగితాల కట్టలు తిరగేయాలి. మీకు ఆ బాధ లేదు. భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లోనే ఉచితంగా వెతకొచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం దానికి కేటాయించండి. ముందే ఎవరో చేశారని తేలితే నిరాశపడనక్కర్లేదు. వాళ్లకి ఎక్కడ ఆగిపోయిందో చూస్తే మీ పని ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది.

ఇంకొకరి పనితో పూర్తయిన టైరు

పేటెంట్ పోయాక కంపెనీ మూతపడాల్సింది. డన్‌లప్, డుక్రాస్ వేరే దారి పట్టారు. గాలి టైరు అనే ఐడియా తమది కాకపోతే, గాలి టైరుని రోజువారీ వాడకానికి పనికొచ్చేలా చేసే చిన్న చిన్న ఐడియాలు తమవి చేసుకోవాలనుకున్నారు. పంక్చర్ సమస్యకి పరిష్కారం కనిపెట్టిన చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్‌ని తీసుకున్నారు. టైరు అంచుల్లో సాగని తీగ పెట్టి, గుంటలాంటి రిమ్ములో కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. దాంతో టైరుని అతికించక్కర్లేదు, ఊడదీసి మళ్లీ ఎక్కించొచ్చు. మీ కారు టైరు అంచు పట్టుకుని చూడండి. బీడింగ్ అని షాపుల్లో పిలిచే ఆ గట్టి అంచు లోపల ఇప్పటికీ తీగలే ఉంటాయి. అలాంటి మరికొన్ని హక్కులు కూడా కంపెనీ కొనుక్కుంది.

ఇక వాల్వు. మన ఊళ్లలో సైకిల్ షాపుకి వెళ్లి వాల్ ట్యూబు అడిగి కొన్నారా ఎప్పుడైనా? సన్నటి రబ్బరు గొట్టం, లోపలికి పోయిన గాలిని బయటికి రానివ్వదు. ఆ రకం వాల్వుని వుడ్స్ వాల్వ్ అనీ, డన్‌లప్ వాల్వ్ అనీ పిలుస్తారు. పాత పద్ధతి సైకిళ్లకి ఇప్పటికీ అదే.

ఈలోగా ఫ్రాన్స్‌లో మిషలిన్ సోదరులు 1891లో ఊడదీయగలిగే సైకిల్ టైరు తెచ్చారు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే కార్ల పందెంలో గాలి టైర్ల కారు నడిపించారు. దారి పొడవునా పంక్చర్లే. కానీ కారుకి కూడా గాలి టైరు వేయొచ్చని లోకానికి తెలిసింది. పిల్లాడి మూడు చక్రాల సైకిల్‌తో మొదలైన మార్పు ఎనిమిదేళ్లలో కారు దాకా వచ్చింది.

ఆయనకి మిగిలింది ఏంటి?

కారు టైరు అడుగుపెట్టిన ఆ 1895లోనే డన్‌లప్ కంపెనీ నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది, 1896లో, డుక్రాస్ ఆ కంపెనీని టెరా హూలీ అనే ఫైనాన్షియర్‌కి 30 లక్షల పౌండ్లకి అమ్మాడు. హూలీ దాన్ని కొద్ది కాలంలోనే 50 లక్షల పౌండ్లకి మళ్లీ మార్కెట్‌లో పెట్టాడు. డన్‌లప్ పేరు ప్రపంచమంతా తిరిగింది, ఆ పేరు మీద వచ్చిన పెద్ద సంపద మాత్రం ఆయనకి దక్కలేదు. డబ్లిన్‌లో బట్టల వ్యాపారం చూసుకుంటూ గడిపాడు. 1921 అక్టోబరు 23న అక్కడే బాల్స్‌బ్రిడ్జ్‌లోని ఇంట్లో చనిపోయాడు. అప్పటికి 81 ఏళ్లు. గాలి టైరు చరిత్ర మీద ఆయన రాసుకున్నది ఆయన పోయాకే పుస్తకంగా వచ్చింది.

ఇది అన్యాయమా? కొంత అవును. కానీ లెక్క సరిగ్గా వేస్తే, పేరు పూర్తిగా ఆయనకే పోవడం కూడా థాంసన్‌కి అన్యాయమే. వెల్చ్ పేరు టైరు షాపుల్లో ఎవరికీ తెలియదు. హ్యూమ్ తొక్కకపోతే జనం నమ్మేవాళ్లు కాదు. పెద్ద పనిలో పేరు, డబ్బు, కష్టం మూడూ ఒకరికే రావడం అరుదు. ఉద్యోగంలో చేరాక మీకూ ఇది ఎదురవుతుంది. మీరు చేసిన పని ఇంకొకరి ప్రజెంటేషన్‌లో కనపడుతుంది. అప్పుడు మీ వాటా ఏంటో మీ దగ్గర కాగితం మీద ఉండాలి. ఏ తేదీన ఏం చేశారు, దేనితో పోల్చారు, ఏం తేలింది అన్నది రాసి పెట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఎడ్లబండి దాకా

డన్‌లప్ కంపెనీ 1936లో మన దేశంలో, పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. మన పల్లెల్లో ఇనుప పట్టా వేసిన చెక్క చక్రాల బళ్ల పక్కన టైరు బళ్లు వచ్చాయి. అమ్మమ్మ ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, రెండింటికీ తేడా వాళ్లే చెప్తారు. టైరు బండిలో ఎక్కువ బరువు వేయొచ్చు, ఎడ్లకి శ్రమ తక్కువ. పశువుల డాక్టర్ కనిపెట్టిన వస్తువు చివరికి పశువుల మెడ మీద భారాన్ని తగ్గించింది.

ఇవాళ తెలుగు రాష్ట్రాల్లోనే పెద్ద టైర్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. తెలంగాణలో సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్, ఆంధ్రప్రదేశ్‌లో చిన్నపండూరు దగ్గర అపోలో, విశాఖ వైపు అచ్యుతాపురంలో యోకోహామా ఉన్నాయి. మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లందరికీ పని ఉండే పరిశ్రమ ఇది. రబ్బరు మీద ఆసక్తి ఉంటే ఖరగ్‌పూర్ ఐఐటీలో రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఉంది. డన్‌లప్ పెరట్లో చేసిన పరీక్షకి పెద్ద రూపం చూడాలంటే ఇండోర్ దగ్గర పీతంపూర్‌లోని నాట్రాక్స్ టెస్ట్ ట్రాక్ గురించి చదవండి.

మీ చిన్న కారుకి ఆయన లెక్క

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. టైర్లు మార్చాలా? డన్‌లప్ ఎదుర్కొన్న మూడు ప్రశ్నలే మీరూ వేసుకోండి.

మొదటిది, పడుతుందా? టైరు పక్కన 165/80 ఆర్14 అని రాసి ఉందనుకోండి. 165 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము అంగుళాల్లో, అంటే 355.6 మిల్లీమీటర్లు. పైనా కిందా రెండు గోడలు కలిపితే మొత్తం ఎత్తు 619.6. ఇప్పుడు 185/65 ఆర్15 లెక్క వేయండి. 621.5 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లే. రిమ్ము మార్చాల్సి వస్తుంది కానీ స్పీడోమీటర్ దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. అదే పాత రిమ్ము మీద 185/80 ఆర్14 వేశారనుకోండి, ఎత్తు 651.6 అవుతుంది. ఐదు శాతం పైగా ఎక్కువ. మీటరు 100 చూపిస్తే కారు 105 మీద పోతుంటుంది, లోపల గీసుకోవచ్చు కూడా. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజు ఏంటో ముందు చూడండి. అందరికంటే భద్రమైన సలహా అదే. బరువు మోసే ఇండెక్స్, వేగం రేటింగ్ పాతదానికంటే తగ్గకూడదు.

రెండోది, నిజంగా మెరుగవుతుందా? చిన్న కార్లకి కంపెనీలు టైరు ఎంచుకునేటప్పుడు మైలేజీ, ధర బాగా చూస్తాయి. వెడల్పు పెంచి, మంచి రబ్బరు ఉన్న టైరు వేస్తే పట్టు పెరగొచ్చు, మైలేజీ కొంత తగ్గొచ్చు. మీరు రోజూ పోయే దారి ఏంటి? వాన నీళ్లు నిలిచే సిటీ రోడ్డా, హైవేనా, గుంతల పల్లె దారా? ఆ దారికి ఏది కావాలో అదే మంచి టైరు. మార్చకముందు, మార్చాక ఒకే దారిలో, ఒకే గాలి పీడనంతో మైలేజీ కొలవండి. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. సైజు మారితే ఆ సైజుకి కంపెనీ చెప్పిన గాలి ఎంతో చూడండి. చాలాసార్లు టైరులో ఉందనుకున్న లోపం తక్కువ గాలిలోనే తేలుతుంది.

మూడోది, పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఆ సైజు మీ జిల్లా కేంద్రంలో దొరుకుతుందా? డిక్కీలో ఉన్న స్పేర్ టైరు దానితో సరిపోతుందా? ఈ ప్రశ్నకి జవాబు దొరకక ముందు డబ్బు కట్టకండి.

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ గురించి అడిగినప్పుడు కూడా ఈ మూడే పనికొస్తాయి. ఉన్న వ్యవస్థలో మీ పని ఎలా అమరింది? పాతదాంతో పోలిస్తే ఎంత మెరుగైంది, ఎలా కొలిచారు? చెడిపోతే ఎలా సరిచేస్తారు? ఐడియా మీకే మొదట వచ్చిందా అన్నది వాళ్లకి అంత ముఖ్యం కాదు. ఈ మూడింటికీ నిమిషం నిమిషంన్నరలో జవాబు చెప్పగలిగితే, మీ బ్రాంచి ఏదైనా ఎదుటివాళ్లు వింటారు.

ఉత్తర ఐర్లాండ్‌లో ఒక బ్యాంకు అచ్చువేసిన 10 పౌండ్ల నోటు మీద డన్‌లప్ బొమ్మ ఉంది. ఇంజినీరింగ్ చదవని మనిషికి, చెల్లని పేటెంట్ ఉన్న మనిషికి దక్కిన గౌరవం అది. ఈసారి ఎక్కడైనా కారు టైరులో గాలి పట్టించుకుంటున్నప్పుడు గేజ్ మీద ముల్లు పైకి లేవడం చూడండి. అక్కడ నిండుతున్న గాలి ఐడియా థాంసన్‌ది, పట్టుకున్న అంచు వెల్చ్‌ది, అది నిజంగా బాగా దొర్లుతుందని పెరట్లో తేల్చి చూపించింది డన్‌లప్. మీ వాటా ఏంటన్నది మీరు ఇంకా రాయాల్సిన కాగితం.